తవ్విన పొడవు వేరు, పారే పొడవు వేరు: హారిజాంటల్ చమురు బావి పీడన పరీక్షను చదివే పద్ధతి

అనంతపురం శివార్లలోని మా చీనీ తోటలో బోరు లోతు 720 అడుగులు. డబ్బు కట్టింది మొత్తం 720 అడుగులకూ. నీరు వచ్చేది మాత్రం 400 అడుగుల దగ్గర, గ్రానైట్ బండలో ఉన్న ఒకే ఒక్క పగులు నుంచి. దాని కింద ఉన్నదంతా పొడి బండ. పాత బావిలో వేయించిన సైడు బోర్ల కథా ఇంతే. నాలుగు దిక్కులా నాలుగు వేయిస్తే నీటి జాడ తగిలింది ఒక్కదానికే. తవ్విన కొలతా, నీరిచ్చే కొలతా ఒకటి కావని ఈ జిల్లాలో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా చమురు బావుల పరీక్షల్లో జీవితం గడిపిన నేను నా మొదటి పెద్ద తప్పు సరిగ్గా ఇక్కడే చేశాను.

రాయలసీమలో చమురు తీసే బావులు లేవు. ఆ చదువు చదివిన మన పిల్లలు గోదావరి జిల్లాలకో, ముంబయి సముద్రానికో, గల్ఫ్ దేశాలకో పోతారు. అలా వెళ్లిన మా మేనల్లుడు మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఒక హారిజాంటల్ బావి (పొర వెంట అడ్డంగా తవ్విన బావి) బిల్డప్ పరీక్ష (బావిని మూసి పీడనం కోలుకునే తీరును కొలిచేది) ముందు పెట్టుకుని, "మామా, పర్మియబిలిటీ 44 మిల్లీడార్సీలే వచ్చింది, రాయి చెడ్డదేనా?" అని అడిగాడు. పర్మియబిలిటీ అంటే రాయి తన గుండా ద్రవాన్ని పోనిచ్చే గుణం, దాని కొలత మిల్లీడార్సీ. రెండు పూటలు కూర్చుని ఆ పరీక్షను మొదటి నుంచి మళ్లీ చదివాం. ఆ చదివిన వరుసే ఈ వ్యాసం. లెక్క చేత్తో చేసుకోవడానికి వీలుగా అంకెలను కొంత సవరించాను.

ఈ శాస్త్రానికి మూలం నీటి బావుల్లోనే ఉంది. అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసిన చార్లెస్ థీస్ 1935లో, లోహపు పలకలో వేడి పాకే లెక్కను బావిలో నీటిమట్టం తగ్గడానికి అన్వయించాడు. చమురు ఇంజినీర్లు 1951 నుంచి వాడుతున్న హార్నర్ పద్ధతి, పంపు ఆపాక బోరులో నీరు కోలుకునే లెక్కకు అన్నదమ్ముల వరస. మోటారు ఆపి, టేపు వదిలి, నీటిమట్టాన్ని నిమిషాల వారీగా రాసుకున్న రైతు చేసింది కూడా బిల్డప్ పరీక్షే.

మన బావి వివరాలివి. అడ్డంగా తవ్విన పొడవు 3,000 అడుగులు. చమురు పొర మందం 60 అడుగులు, బావి పొర నడిమిలో ఉంది. బావి వ్యాసార్ధం 0.35 అడుగు. మూసే ముందు రోజుకు 2,000 బ్యారెళ్ల చొప్పున నెలకు పైగా నిలకడగా పారింది. ఫార్మేషన్ వాల్యూమ్ ఫ్యాక్టర్ (పైన ఒక బ్యారెల్ అయ్యే చమురు పొర లోపల ఆక్రమించే చోటు) 1.2, చమురు స్నిగ్ధత 1 సెంటీపాయిజ్, రాతి సచ్ఛిద్రత (రాతిలో ఖాళీల వంతు) 0.2, మొత్తం సంపీడ్యత పీఎస్‌ఐకి (పీడనపు కొలత, చదరపు అంగుళానికి పౌను) లక్షలో ఒక వంతు. బావిని 48 గంటలు మూశారు.

1. బావి మూయకముందే గడియారం లెక్క

హారిజాంటల్ బావిలో పీడన సంకేతం మూడు దశల్లో పాకుతుంది. మొదట బావి చుట్టూ గొట్టం ఆకారంలో విస్తరిస్తుంది, ఇది తొలి రేడియల్ ప్రవాహం. అది పొర పైకప్పుకూ అడుగుకూ తగిలాక ద్రవం రెండు పక్కల నుంచి బావి మీదికి తిన్నగా వస్తుంది, ఇది లీనియర్ ప్రవాహం. బాగా దూరం పోయాక అంత పొడవు బావి కూడా పైనుంచి చూస్తే చుక్కలా కనిపించి ప్రవాహం మళ్లీ వలయంగా మారుతుంది, ఇది మలి రేడియల్. ఏ దశ ఎప్పుడు ముగుస్తుందో చెప్పే ఉజ్జాయింపు సూత్రాలు ఓడే, బాబు 1990లో ఇచ్చారు.

సచ్ఛిద్రత, స్నిగ్ధత, సంపీడ్యతల లబ్ధం ఇక్కడ కోటిలో 20 వంతులు. దీన్ని 1,800తోనూ, బావి నుంచి దగ్గరి సరిహద్దుకు ఉన్న నిలువు దూరం వర్గంతోనూ గుణించి, నిలువు పర్మియబిలిటీతో భాగిస్తే తొలి రేడియల్ ముగిసే సమయం గంటల్లో వస్తుంది. అదే లబ్ధాన్ని 160తోనూ బావి పొడవు వర్గంతోనూ గుణించి, అడ్డ పర్మియబిలిటీతో భాగిస్తే లీనియర్ ముగింపు. 160 బదులు 1,480 పెడితే మలి రేడియల్ మొదలు.

రాతి నమూనాలను బట్టి అడ్డంగా 100, నిలువుగా 10 మిల్లీడార్సీలు అనుకుంటే తొలి రేడియల్ 0.32 గంట, అంటే 19 నిమిషాల్లో అయిపోతుంది. పొడవు 3,000 అడుగులు అనుకుంటే లీనియర్ 29 గంటల దాకా సాగుతుంది. మలి రేడియల్ మొదలవ్వాలంటే 266 గంటలు, అంటే 11 రోజులు పడుతుంది. అన్ని రోజులు మూస్తే 22,000 బ్యారెళ్ల ఉత్పత్తి వాయిదా పడుతుంది. అందుకు ఏ యాజమాన్యమూ ఒప్పుకోదు. మలి రేడియల్ కనిపించదని ముందే ఒప్పుకుని, మొదటి రెండు దశల నుంచి ఎంత పిండుకోగలమో ఆలోచించడమే ఈ బావుల దగ్గర నేర్చుకోవలసిన విద్య.

2. అంకెలను కడగడం

ఇది విసుగు పని. తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. బావి మూసిన క్షణాన్ని పీడనం కొలిచే గేజ్ గడియారంలోనే వెతకండి, రిజిస్టరులో రాసిన సమయాన్ని నమ్మకండి. తొలి దశ మొత్తం 19 నిమిషాలే అయినప్పుడు ఐదు నిమిషాల తేడా వస్తే మిగిలేది ఏముంటుంది? మూయడానికి ముందు వారంలో చోక్ (ప్రవాహాన్ని అదుపు చేసే ఇరుకు ద్వారం) మార్చారా, మధ్యలో ఒక పూట ఆపారా అన్నదీ రాసుకోవాలి.

గేజ్ ఎక్కడ ఉందో కూడా చూడండి. చాలా సార్లు అది అడ్డభాగంలో ఉండదు, వంపు పైన నిలువు గొట్టంలో ఉంటుంది. మధ్యలో చమురు, నీరు, గ్యాసు వేరుపడుతుంటే గేజ్ చెప్పేది ఆ కదలిక గురించే, రాతి గురించి కాదు. సముద్రపు బావుల్లో పోటుపాట్లు కూడా పీడనంలో చిన్న అలలుగా కనిపిస్తాయి. నిలువు బావిలో వాటిని పట్టించుకోకపోయినా నడుస్తుంది. ఇక్కడ మనం వెతికే మొదటి సంకేతమే మూడు పీఎస్‌ఐ లోపు.

3. రెండు గీతలు గీయడం

మూసినప్పటి నుంచి పీడనం ఎంత పెరిగిందన్నది ఒక గీత. కాలపు సహజ లాగరిథమ్‌తో పోల్చి చూసిన ఆ పెరుగుదల రేటు రెండో గీత, దానినే డెరివేటివ్ అంటాం. రెండూ లాగ్-లాగ్ కాగితం (రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉన్నది) మీద వేయాలి. బుర్దే బృందం 1983లో డెరివేటివ్‌ను ఈ రంగంలోకి తెచ్చాక పరీక్షలు చదివే తీరే మారిపోయింది.

సాఫ్ట్‌వేర్ ఎలాగూ గీస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో లెక్క వేయండి. మన బావిలో 1 గంట దగ్గర పెరుగుదల 43.1 పీఎస్‌ఐ, 4 గంటల దగ్గర 54.6. తేడా 11.5. దీన్ని 4 సహజ లాగరిథమ్ అయిన 1.386తో భాగిస్తే 8.3. మధ్య బిందువైన 2 గంటల దగ్గర డెరివేటివ్ అదే. పక్కపక్క బిందువులను మరీ దగ్గరగా తీసుకుంటే గీత ముళ్లకంపలా వస్తుంది, మరీ దూరంగా తీసుకుంటే నిజమైన వంపు కూడా చదునైపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఎడాన్ని 0.1 నుంచి 0.3 లాగ్ చక్రం మధ్య ఉంచండి (ఒక చక్రం అంటే కాలం పదింతలు కావడం). అందంగా కనిపించడం కోసం 0.5 పెట్టిన నివేదికలు చూశాను. వాటిలో తొలి రేడియల్ దశ పూర్తిగా మాయమైపోయింది.

ఉత్పత్తి కాలం తక్కువగా ఉంటే మామూలు గంటలకు బదులు ఉత్పత్తి కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకునే అగర్వాల్ సమాన కాలాన్ని వాడాలి. మనది నెలకు పైగా పారింది కాబట్టి మామూలు గంటలతోనే నడిపిద్దాం.

4. బావి మాటను పక్కన పెట్టడం

పైన కవాటం మూసినా, రాతి నుంచి ద్రవం కాసేపు బావి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ సమయంలో రెండు గీతలూ కలిసి, వాలు ఒకటిగా పైకి పోతాయి. దీన్ని వెల్‌బోర్ స్టోరేజ్ అంటాం. అప్పుడు మాట్లాడేది బావే కానీ పొర కాదు.

500 బ్యారెళ్ల చమురు పట్టే బావి ప్రతి పీఎస్‌ఐకి సుమారు 0.005 బ్యారెల్ దాచుకుంటుంది. మన బావిలో ఈ అంకె 0.01 అయితే స్టోరేజ్ రెండు నిమిషాల్లో తీరిపోతుంది. పైభాగంలో గ్యాసు పోగై అది 0.1కి చేరితే 21 నిమిషాలు పడుతుంది. తొలి రేడియల్ 19 నిమిషాలకే ముగుస్తుందని ముందే లెక్క కట్టాం కదా. అంటే ఆ దశ పుట్టి, బతికి, పోయాక మనకు తెర లేస్తుంది! అడుగున మూసే కవాటానికి డబ్బు పెట్టమని పై అధికారులను అడిగేటప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి. మా మేనల్లుడి అదృష్టం, అతని బావిలో ఆ కవాటం ఉంది.

5. మొదటి చదును

మూడో నిమిషం నుంచి పదిహేనో నిమిషం దాకా డెరివేటివ్ 2.68 పీఎస్‌ఐ దగ్గర చదునుగా నిలిచింది. ఇదే తొలి రేడియల్. యూనిట్లు కుదిర్చే స్థిరాంకం 70.6ను ఉత్పత్తి, వాల్యూమ్ ఫ్యాక్టర్, స్నిగ్ధతలతో గుణిస్తే 1,69,440 వస్తుంది. 2.68తో భాగిస్తే 63,200.

ఈ 63,200 అంటే ఏమిటి? పారే పొడవును, అడ్డ, నిలువు పర్మియబిలిటీల లబ్ధపు వర్గమూలంతో గుణిస్తే వచ్చేది. అందులో తెలియనివి మూడున్నాయి, సమీకరణం ఒక్కటే. ఇక్కడే చేయి జారుతుంది. "పొడవు తెలుసు కదా, 3,000 అడుగులు" అని దానితో భాగించేస్తారు. నేనూ చేశాను. ఇప్పుడు కాసేపు ఆగి, 63,200ను అలాగే కాగితం మీద ఉంచండి.

6. అర వాలు

అరగంట తరువాత గీత ఎక్కడం మొదలైంది. 1 గంట దగ్గర 5.75, 4 గంటల దగ్గర 11.5, 9 గంటల దగ్గర 17.2. కాలం నాలుగింతలైతే డెరివేటివ్ రెండింతలవుతోంది. లాగ్-లాగ్ మీద ఇది అర వాలు, లీనియర్ ప్రవాహానికి ముద్ర.

ఈ భాగాన్ని విడిగా, కాలపు వర్గమూలానికి ఎదురుగా పీడనం వేసి మళ్లీ గీయండి. వాలు 11.5 వస్తుంది. 8.128ను ఉత్పత్తి, వాల్యూమ్ ఫ్యాక్టర్‌లతో గుణించి పొర మందం 60తో భాగిస్తే 325. స్నిగ్ధతను సచ్ఛిద్రత, సంపీడ్యతల లబ్ధంతో భాగించి వర్గమూలం తీస్తే 707. ఈ రెంటినీ గుణించి 11.5తో భాగిస్తే 20,000. ఇది పారే పొడవును అడ్డ పర్మియబిలిటీ వర్గమూలంతో గుణించిన విలువ.

ఇప్పుడు 63,200ను 20,000తో భాగించి చూడండి. పొడవు పైనా కిందా కొట్టుకుపోతుంది, అడ్డ పర్మియబిలిటీ కూడా పోతుంది. మిగిలేది 3.16, నిలువు పర్మియబిలిటీ వర్గమూలం. వర్గం చేస్తే 10 మిల్లీడార్సీలు. బావి 3,000 అడుగులు పారినా, 300 అడుగులే పారినా ఈ అంకె మారదు. ఈ పరీక్ష మొత్తంలో నేను అన్నిటికంటే ముందు నమ్మే సంఖ్య ఇదే. చాలా నివేదికలు దీన్ని చివర్లో, మొహమాటంగా రాస్తాయి.

7. వంపు దగ్గర ఆగడం

మా మేనల్లుడు 20,000ను 3,000తో భాగించి, వర్గం చేసి 44 తెచ్చాడు. లెక్కలో తప్పు లేదు, తప్పు 3,000లో ఉంది. ఆ ఊహ నిజమైతే ఇంకేం జరగాలో అడిగి చూడాలి. పొడవు 3,000, పర్మియబిలిటీ 44 అయితే లీనియర్ దశ 65 గంటలు నడవాలి. అంటే 48 గంటల పరీక్షలో అర వాలు చివరిదాకా సాగి, డెరివేటివ్ 40 దగ్గరకు చేరాలి. కాని గీత 13వ గంట దగ్గర అర వాలును వదిలి కిందికి ఒరిగింది. ఆ వంపును సాఫ్ట్‌వేర్ "రొద" అని వదిలేసింది, అతనూ వదిలేశాడు.

ఆ వంపు ఇక్కడ మూడో సాక్షి. లీనియర్ ముగింపు సూత్రాన్ని తిరగేద్దాం. 13 గంటలను 160తోనూ, ఆ కోటిలో 20 వంతుల లబ్ధంతోనూ భాగిస్తే 40,600. ఇది పొడవు వర్గాన్ని పర్మియబిలిటీతో భాగించిన విలువ. దీని వర్గమూలం 201. దాన్ని 20,000తో గుణిస్తే సుమారు 40.3 లక్షలు, అది పొడవు వర్గం. పారే పొడవు 2,007 అడుగులు, అడ్డ పర్మియబిలిటీ 99 మిల్లీడార్సీలు.

వంపు ఎక్కడ మొదలైందో కంటితో చెప్పడం కష్టం కదా అన్నాడు. నిజమే. కాని పొడవు ఆ కాలానికి నాలుగో మూలంగా మారుతుంది. 13కు బదులు 10 గంటలు అని చదివితే 1,880 అడుగులు, 16 అని చదివితే 2,115 అడుగులు. ఎలా చదివినా 3,000 మాత్రం రాదు.

కాబట్టి రాయి చెడ్డది కాదు, బావిలో మూడో వంతు మూగబోయి ఉంది. ఈ రెండు తీర్పులకూ మందులు వేరు. రాయి చెడ్డదైతే పక్క బావులను మరింత పొడవుగా తవ్వాలి. పొడవు పారకపోతే డ్రిల్లింగ్ బురద పూర్తిగా కడిగారా, చివరి భాగం పొరలోనే ఉందా లేక షేల్‌లోకి (ద్రవం దాదాపు పారని మట్టిరాయిలోకి) జారిందా అని చూడాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా నివేదికను బట్టి ఒక క్షేత్రం నమూనాలో పర్మియబిలిటీని సగానికి తగ్గించారు. ఏడాది తరువాత ఉత్పత్తి లెక్కలు కుదరక ఆ నివేదికను తిరగేస్తే బయటపడింది నా భాగహారంలోని తప్పే.

ఒక జాగ్రత్త. ఈ లెక్క పారే భాగం ఒకే ముక్కగా ఉందని ఊహిస్తుంది. అక్కడక్కడ ముక్కలుగా పారుతుంటే ప్రతి ముక్కా మొదట విడిగా, తరువాత అన్నీ కలిసి ప్రవర్తిస్తాయి. అప్పుడు అర వాలుకు ముందు అదనపు వంపులు వస్తాయి.

8. స్కిన్: రెండు పేర్లు, రెండు అంకెలు

బావి గోడకు తగిలిన గాయాన్ని కొలిచేది స్కిన్. తొలి రేడియల్ భాగాన్ని సెమీలాగ్ మీద వేస్తే వాలు 6.17, అంటే 2.68ను 2.303తో గుణించినది. ఆ గీతను 1 గంట దాకా పొడిగిస్తే 41 పీఎస్‌ఐ వస్తుంది. 1 గంట దగ్గర నిజంగా కొలిచిన 43.1ను ఇక్కడ పెట్టకూడదు, అప్పటికే లీనియర్ దశ నడుస్తోంది. 41ని 6.17తో భాగిస్తే 6.65. సగటు పర్మియబిలిటీ 31.6ను (63,200ను పారే పొడవు 2,000తో భాగించినది), సచ్ఛిద్రత, స్నిగ్ధత, సంపీడ్యతలను వ్యాసార్ధపు వర్గంతో గుణించిన లబ్ధంతో భాగించి, పది ఆధారపు లాగరిథమ్ తీస్తే 8.11. 6.65 నుంచి 8.11 తీసి, 3.23 కలిపి, 1.151తో గుణిస్తే సుమారు 2.

సాఫ్ట్‌వేర్ తెర మీద మాత్రం మొత్తం స్కిన్ మైనస్ 6.7 అని ఉంటుంది. అది ఇంత పొడవు బావిని ఒక నిలువు బావితో పోల్చిన అంకె. అందులో ఎక్కువ భాగం పొడవు వల్ల వచ్చిన లాభమే. దాన్ని చూసి బావికి గాయమే లేదనుకోకండి. అలాగని 2ను చూసి ఆమ్లంతో కడగడానికి పరుగెత్తకండి. ఈ బావిలో ఆ గాయం ఖరీదు 11 పీఎస్‌ఐ మాత్రమే. అదే రాతిలో, అదే ఉత్పత్తితో నిలువు బావి అయితే 113 పీఎస్‌ఐ అయ్యేది. కడగవలసి వస్తే పారని 1,000 అడుగులను కడగాలి.

9. మారువేషాలు

అన్ని బావులూ ఇంత బుద్ధిగా మూడు దశలు చూపించవు. బావి అడుగు పొరకు మరీ దగ్గరగా ఉంటే మొదటి చదును తరువాత, దానికి సరిగ్గా రెండింతల ఎత్తులో ఇంకో చదును వస్తుంది. దాన్ని మలి రేడియల్ అనుకుంటే అంతా తారుమారే. పైన గ్యాసు టోపీ గానీ, కింద బలమైన నీటి పొర గానీ ఉంటే లీనియర్ దశ రానే రాదు, డెరివేటివ్ గభాలున కిందికి పడిపోతుంది. పలచని చమురు పొరల్లోనే హారిజాంటల్ బావులు ఎక్కువగా తవ్వుతారు కాబట్టి ఇది తరచుగా ఎదురవుతుంది. రెండు సమాంతర భ్రంశాల (రాతి పొరలు విరిగి జరిగిన చోట్ల) మధ్య చిక్కుకున్న బావి అర వాలును వదలదు, అప్పుడు వంపు కోసం ఎంతసేపు చూసినా దొరకదు. భూగర్భ పటం పక్కన పెట్టుకోకుండా గీతలు చదవవద్దనేది ఇందుకే.

గ్యాసు బావి అయితే పీడనం బదులు సూడో పీడనం (పీడనంతో గ్యాసు గుణాలు మారడాన్ని కలుపుకున్న విలువ) వాడాలి. స్కిన్‌లో ఉత్పత్తి రేటుతో మారే భాగం ఉంటుంది కాబట్టి కనీసం రెండు రేట్ల దగ్గర పరీక్షించాలి. మిగతా వరుస ఇదే.

10. నివేదికలో ఏం రాయాలి

మొదట నేరుగా వచ్చినవి రాయండి: 63,200, 20,000, నిలువు పర్మియబిలిటీ 10. తరువాత వంపుతో వచ్చినవి, వాటి పరిధితో సహా: పొడవు 1,900 నుంచి 2,100 అడుగులు, అడ్డ పర్మియబిలిటీ 90 నుంచి 113 మిల్లీడార్సీలు. ఆ విలువలతో నమూనా గీత గీసి, కొలిచిన గీత మీద మొదటి నిమిషం నుంచి 48వ గంట దాకా కూర్చుంటోందో లేదో చూడండి. ఎక్కడో ఒకచోట ఎడమైతే విలువలను కొద్దికొద్దిగా జరుపుతూ పోకండి, ఏ దశను తప్పుగా గుర్తించారో వెనక్కి వెళ్లి వెతకండి. ప్రవాహం ఏ అడుగు దగ్గర మొదలవుతోందో చూపే ప్రొడక్షన్ లాగింగ్ సాధనాన్ని కాయిల్డ్ ట్యూబింగ్ (చుట్టగా చుట్టి తెచ్చే సన్నని ఉక్కు గొట్టం) మీద లోపలికి పంపమని అడగండి. వంపు చెప్పినదాన్ని నేరుగా సరిచూసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

మా మేనల్లుడు తన నివేదికలో "పర్మియబిలిటీ 44" అన్న వరుస కొట్టేసి, "తవ్విన పొడవు 3,000 అడుగులు, పారుతున్నట్టు తోచే పొడవు 2,000 అడుగులు, లాగింగ్‌తో సరిచూడాలి" అని రాసుకున్నాడు. ఆ సాయంత్రం తోటలో మోటారు ఆపి, నీటిమట్టం ఎంతసేపట్లో కోలుకుంటుందో టేపు వదిలి కొలిచాం. మొదటి ఇరవై నిమిషాల రాతలూ వాడే రాశాడు, ఈసారి ఒక్క నిమిషం కూడా వదలకుండా.